డాక్టరు నడవమన్నారు... దారేదీ?

షుగరు రిపోర్టు చూసి డాక్టరు చెప్పే మాటల్లో మొదటిది, ‘రోజూ అరగంటైనా నడవండి’. రెండోది, ‘మోకాళ్లు బాగుంటే సైకిల్‌ తొక్కండి’. మాత్రలైతే వీధి చివర మెడికల్‌ షాపులో దొరుకుతాయి. ఈ రెండో మందు దొరికేదెక్కడ? సాయంత్రం ఆరున్నరకు ఏలూరు ఆర్‌.ఆర్‌.పేటలో నడకకు బయల్దేరి చూడండి. కాలిబాట ఉన్నచోట దాని మీద కొట్టు సామాను. దాని ముందు నిలబెట్టిన బండ్లు. వాటిని దాటుకుని పోయే ఆటో. ఆటోకీ మనకీ మధ్య జానెడు చోటు. తాడేపల్లిగూడెం మార్కెట్‌ వైపు వెళ్తే ఆటో బదులు ఉల్లిపాయల లారీ. అంతే తేడా!

అందుకే చాలామంది ఏం చేస్తున్నారంటే... నడవటానికి బండి మీద వెళ్తున్నారు. స్టేడియం దాకా స్కూటర్‌, అక్కడ గుండ్రంగా నాలుగు చుట్లు, మళ్లీ స్కూటర్‌. ఆ నాలుగు చుట్లను తప్పుపట్టాల్సిన పనిలేదు, చేసినంత మేలే. కానీ మేడ మీద కాపురమున్న ఇల్లాలికి, ఎనిమిదింటికల్లా డ్యూటీకి పోవాల్సిన గుమాస్తాకు, ట్యూషన్‌ నుంచి ట్యూషన్‌కు పరుగెత్తే పిల్లాడికి రోజూ ఇలా విడిగా గంట దొరకదు. దొరికేది ఒక్కటే, ఎలాగూ వెళ్లక తప్పని దారి. ఆఫీసుకి, బడికి, బజారుకి, గుడికి వెళ్లే దారి. ఆ దారినే వ్యాయామంగా మార్చుకోవటం మీద ఇప్పుడు ప్రపంచంలో చాలా నగరాలు దృష్టి పెట్టాయి. మన రాష్ట్రాల్లోనూ కొంత కదలిక కనిపిస్తోంది. మరి డెల్టాలోని మన ఊళ్లకు ఇందులో ఏం ఒరుగుతుంది?

బద్ధకం ఒక్కటే కారణమా?

2024లో ‘లాన్సెట్‌ గ్లోబల్‌ హెల్త్‌’ ఒక అంచనా ప్రచురించింది. మనదేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి 2022 నాటికి చాలినంత శారీరక శ్రమ లేదు. ఆడవాళ్లలోనైతే ఇది 57 శాతం. అదే 2000 సంవత్సరంలో మొత్తమ్మీద 22 శాతమే. రెండు దశాబ్దాల్లో దేశంలో సగం మంది ఉన్నట్టుండి బద్ధకస్తులైపోయారనుకోవాలా? నమ్మటం కష్టం. మనుషులు అంతగా మారలేదు. వాళ్ల పని మారింది, ఇంటి నుంచి పనికి వెళ్లే తీరు మారింది. ఇంకోపక్క ఐసీఎంఆర్‌-ఇండియాబ్‌ అధ్యయనం 2023లో వెల్లడించిన ప్రకారం దేశంలో మధుమేహులు 10.1 కోట్ల మంది. దాని ముంగిట ఉన్నవారు మరో 13.6 కోట్లు. 

ఈ రెండు లెక్కల మధ్య ఉన్న బంధాన్ని మనవాళ్ల మీదే చేసిన ఒక అధ్యయనం బాగా పట్టిచ్చింది. 2013లో ‘ప్లాస్‌ మెడిసిన్‌’లో వచ్చింది. హైదరాబాద్‌, బెంగళూరు, నాగ్‌పుర్‌, లఖ్‌నవూల్లోని ఫ్యాక్టరీ కార్మికులను, పల్లెల్లోనే ఉండిపోయిన వాళ్ల తోబుట్టువులను, ఇలా 3,900 మందికి పైగా పరీక్షించారు. పనికి ఎలా వెళ్తారని అడిగారు. సొంత బండి మీద వెళ్లేవాళ్లలో 50 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. బస్సులో, రైల్లో వెళ్లేవారిలో 37.6 శాతం. సైకిల్‌ మీద వెళ్లేవారిలో 24.2 శాతం. మధుమేహం సంగతి చూస్తే సొంత బండి వాళ్లలో 10.8 శాతం, సైకిల్‌ వాళ్లలో 3.8 శాతం. అధిక రక్తపోటు 17.7 శాతం ఒకచోట, 6.5 శాతం ఇంకోచోట. పల్లెల్లో 68 శాతం మంది పనికి సైకిల్‌ మీద వెళ్తుంటే నగరాల్లో అలా వెళ్లేది 16 శాతమే.

ఇలాంటి అధ్యయనాలతో ఒక చిక్కుంది. సైకిల్‌ వల్లే ఆరోగ్యం బాగుందా, ఆరోగ్యం బాగున్నవాళ్లే సైకిల్‌ తొక్కుతున్నారా అన్నది పూర్తిగా తేల్చి చెప్పలేం. బండి కొనుక్కునేవాడి తిండి, కొలువు కూడా వేరుగా ఉంటాయి కదా. పరిశోధకులు ఆదాయం, వయసు వంటి తేడాలను లెక్కలోకి తీసుకున్నాక కూడా సైకిల్‌ వాళ్లే మెరుగ్గా కనిపించారు. బ్రిటన్‌లో రెండున్నర లక్షల మందికి పైగా ఉద్యోగులను ఐదేళ్లు గమనించి 2017లో ప్రచురించిన మరో పెద్ద పరిశీలనదీ ఇదే దారి. పనికి సైకిల్‌ మీద వెళ్లేవారిలో మరణాల ముప్పు 41 శాతం తక్కువగా ఉన్నట్టు అందులో తేలింది.

లోపల జరిగేదేంటో తెలిస్తే ఇందులో ఆశ్చర్యం కలగదు. మన ఒంట్లో గ్లూకోజును ఎక్కువగా ఖర్చు పెట్టేవి కండరాలు. వాటిలో పెద్దవి తొడల్లో, పిరుదుల్లో ఉంటాయి. పెడల్‌ తొక్కేటప్పుడు పనిచేసేవి ఇవే. కండరం పని చేస్తున్నప్పుడు ఇన్సులిన్‌ సాయం అంతగా లేకుండానే రక్తంలోని గ్లూకోజును లాగేసుకుంటుంది. ఇన్సులిన్‌ సరిగా పనిచేయకపోవటమే రెండో రకం మధుమేహంలో అసలు ఇబ్బంది. మూడుపూటలా అన్నం తినే గోదావరి, కృష్ణా జిల్లాల వాళ్లం ఈ సంగతి కాస్త ఎక్కువగానే గుర్తు పెట్టుకోవాలి. పైగా పొద్దున గంటసేపు నడిచి రోజంతా కూర్చోవటం కన్నా తిన్న తర్వాత పది నిమిషాలు, పనికి వెళ్తూ ఇరవై నిమిషాలు, వస్తూ ఇరవై నిమిషాలు అన్నట్టుగా శ్రమ రోజంతా పరచుకుంటే షుగరు ఒడుదొడుకులు తగ్గుతాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు వారానికి చెప్పే 150 నిమిషాలు ఆ రాకపోకల్లోనే చెల్లిపోతాయి. పిల్లలకైతే రోజుకు 60 నిమిషాలు కావాలి. బడి బస్సు గుమ్మం ముందు ఆగే పిల్లాడికి ఆ అరవై నిమిషాలు ఎక్కడి నుంచి రావాలి?

ఇది సైకిల్‌ నేల

ఏలూరు, గూడెం, భీమడోలు, కైకలూరు... ఎటు చూసినా బల్లపరుపు నేల. ఎక్కుడు లేదు, దిగుడు లేదు. వంతెన ఎక్కేటప్పుడు తప్ప సీటు మీద నుంచి లేచి తొక్కాల్సిన పనిలేదు. విశాఖ వాళ్లకు ఈ అదృష్టం లేదు, ఇంటి నుంచి బయటకొస్తే చాలు కొండ. కొల్లేటి గ్రామాల్లో ఒకప్పుడు నీళ్ల మీద తాటి దోనె, నేల మీద సైకిల్‌... ఇవే బండ్లు. చేపల బుట్ట వెనక కట్టుకుని తెల్లారేసరికి వాకిట్లో బెల్లు కొట్టినవాడు, పాల క్యాన్లు రెండు వైపులా వేలాడదీసుకుని వచ్చినవాడు, గంటకింత అని అద్దెకు తెచ్చి, సీటు అందక బారు కింద నుంచి కాలు దూర్చి తొక్కిన మన నాన్నలు... వీళ్లెవరికీ ఫిట్‌నెస్‌ అన్న మాట తెలియదు.

సైకిల్‌ ఎందుకు పోయింది? పేదరికానికి గుర్తు అనుకోవటం ఒక కారణం. కట్నంలో సైకిల్‌ పోయి మోటారు సైకిల్‌ వచ్చిన రోజునే దాని పరువు సగం పోయింది. కానీ పరువు ఒక్కటే అయితే ఈపాటికి తిరిగి వచ్చి ఉండేది. ఇప్పుడు ముప్ఫై వేలు పెట్టి గేర్ల సైకిల్‌ కొంటున్నవాళ్లు గొప్పగానే చెప్పుకొంటున్నారు. కొన్నాక అది బాల్కనీలో బట్టలు ఆరేసుకునే స్టాండైపోవటానికి కారణం వేరు. భయం! ఆ భయం అర్థం లేనిది కూడా కాదు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయినట్టు కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో 32,825 మంది పాదచారులు. అంటే చనిపోయిన ప్రతి ఐదుగురిలో ఒకరు ఏ బండీ లేకుండా నడుస్తున్న మనిషి! సైకిల్‌ తొక్కుతూ పోయినవాళ్లు వీరికి అదనం. ఇక్కడ వేగానిది పెద్ద పాత్ర. కారు గంటకు 50 కిలోమీటర్ల వేగంతో ఢీకొంటే ఉండే ప్రాణాపాయం, 65 కిలోమీటర్ల వేగంలో నాలుగున్నర రెట్లవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వేగం పెరిగింది పదిహేనే. ఏలూరు బయట జాతీయ రహదారి దాటటానికి సైకిల్‌ పట్టుకుని నిలబడ్డ మనిషికి ఈ లెక్క ఎవరూ చెప్పక్కర్లేదు.

కాబట్టి ‘పెట్రోలు ఆదా, పర్యావరణానికి మేలు, అందరూ సైకిల్‌ తొక్కండి’ అని ఏటా జూన్‌ 3న ర్యాలీ తీసి ఊరుకుంటే కుదరదు. దారి వేసి పిలవాలి.

దారి వేసినవాళ్లు

తెలుగు నేల మీద ఇప్పటివరకు వచ్చిన వాటిలో పెద్దది హైదరాబాద్‌ ఔటర్‌ రింగ్‌ రోడ్డు పక్కన వేసిన సైకిల్‌ ట్రాక్‌. 2023 అక్టోబరు 1న ప్రారంభమైంది. మొత్తం 23 కిలోమీటర్లు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్‌ అకాడమీ వైపు ఒక భాగం, నార్సింగి నుంచి కొల్లూరు వైపు మరో భాగం. పైన కప్పంతా సౌర ఫలకలే, 16 మెగావాట్ల విద్యుత్తు వాటి నుంచి వస్తుంది. ఎండకు ఎండక, వానకు తడవక తొక్కొచ్చు. రాత్రి దీపాలు కూడా ఉన్నాయి.

చూడటానికి, తొక్కటానికి హాయిగా ఉంటుంది. కానీ అక్కడ సైకిల్‌ తొక్కాలంటే చాలామంది సైకిల్‌ను కారుకు తగిలించుకుని వెళ్లాల్సిందే. దాని మీద పడి కూరగాయల బజారుకు వెళ్లలేం, పిల్లాణ్ని బడిలో దింపలేం. ఆదివారం వ్యాయామానికి మంచి చోటు, నిజమే. మనం మొదట అనుకున్న ‘ఎలాగూ వెళ్లక తప్పని దారి’ మాత్రం కాదు. విశాఖ బీచ్‌ రోడ్డుదీ దాదాపు ఇదే కథ. ఉదయం కొద్ది గంటల పాటు వాహనాలను ఆపి రోడ్డును నడిచేవాళ్లకు, తొక్కేవాళ్లకు వదిలేస్తారు. రూపాయి ఖర్చు లేని పని, ఏ మున్సిపాలిటీ అయినా రేపే మొదలుపెట్టొచ్చు. కొలంబియాలోని బొగోటా నగరం 1974 నుంచి ఆదివారాల్లో ఇదే చేస్తోంది, అక్కడిప్పుడు వంద కిలోమీటర్లకు పైగా రోడ్లు మనుషులకు వదిలేస్తారు.

అమరావతిలో రోడ్ల నమూనాల్లోనే సైకిల్‌ దారి, కాలిబాట పెట్టారు. ఖాళీ నేల మీద గీత గీయటం తేలిక. ఏలూరులా 1866 నాటికే మున్సిపాలిటీ అయిన పాత ఊళ్లో గీయటమే కష్టం. ఆ మాటకొస్తే వరంగల్‌ కూడా పాత ఊరే. 2020లో కేంద్ర పట్టణ వ్యవహారాల శాఖ ‘సైకిల్స్‌ ఫర్‌ చేంజ్‌’ పేరుతో నగరాలకు పోటీ పెట్టింది. భారీ నిర్మాణాలు అడగలేదు. ప్లాస్టిక్‌ స్తంభాలు, రంగు గీతలు, సిమెంటు దిమ్మలతో రోడ్డులో కొంత భాగాన్ని సైకిళ్లకు కేటాయించి చూడమంది. మరుసటి ఏడు ఎంపికైన పదకొండు నగరాల్లో వరంగల్‌ ఉంది. ఈ పద్ధతిలో నచ్చే విషయం, బాగోలేకపోతే తీసేయొచ్చు. బాగుంటే పక్కా చేసుకోవచ్చు.

‘ఎండలు మండే ఊళ్లో ఎవడు తొక్కుతాడండీ’ అనేవాళ్లకు స్పెయిన్‌లోని సెవిల్‌ పేరు చెప్పాలి. వేసవిలో అక్కడా 40 డిగ్రీలు దాటుతుంది. 2006కు ముందు ఆ ఊళ్లో సైకిల్‌ తొక్కేవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తర్వాత నాలుగేళ్లలో వంద కిలోమీటర్లకు పైగా విడి సైకిల్‌ దారులు వేశారు. కొత్తగా స్థలం ఎక్కడా కొనలేదు, ఎక్కువ చోట్ల రోడ్డు పక్కన కార్లు నిలిపే చోటునే తీసుకున్నారు. ముక్కలు ముక్కలుగా కాకుండా ఒకదానితో ఒకటి కలిసేలా ఒకేసారి వేయటం వాళ్ల తెలివి. సైకిల్‌ ప్రయాణాలు పదింతలు పెరిగాయి. రెండు కిలోమీటర్లు మంచి ట్రాక్‌ వేసి దాన్ని తీసుకెళ్లి లారీల మధ్య వదిలేస్తే, తల్లి పిల్లాణ్ని ఆ రెండు కిలోమీటర్లకూ పంపదు.

నెదర్లాండ్స్‌ వాళ్లు పుట్టుకతోనే సైకిల్‌ తొక్కుతారని మనకో అపోహ. అక్కడా 1960ల్లో కార్లు వచ్చి సైకిళ్లను తరిమేశాయి. 1971లో ఒక్క ఏడాదిలో 400 మందికి పైగా పిల్లలు రోడ్ల మీద చనిపోయారు. తల్లిదండ్రులు వీధుల్లోకి వచ్చి ‘పిల్లల్ని చంపటం ఆపండి’ అని ఉద్యమం నడిపారు. ఇప్పుడు మనం ఫొటోల్లో చూసే ఎర్రటి సైకిల్‌ దారులు అలా వచ్చినవే.

కాలువ గట్టు ఉందిగా!

మన దగ్గర స్థలం లేదన్నది సగం నిజమే. ఊరి నడిబొడ్డు నుంచి పోయే పొడవాటి స్థలం ఒకటుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక తవ్విన కాలువల్లో ఏలూరు కాలువ ఒకటి. విజ్జేశ్వరం వైపు నుంచి నిడదవోలు, తాడేపల్లిగూడెం మీదుగా ఏలూరు వస్తుంది. అటు బెజవాడ నుంచి కృష్ణా నీటితో మరో ఏలూరు కాలువ వస్తుంది. రెండు నదుల నీళ్లూ ఏలూరులో కలుస్తాయి. ఈ కాలువలను కాటన్‌ కాలంలో పొలాలకు నీటి కోసమే కాదు, పడవల కోసమూ తవ్వారు. గాలి లేనప్పుడు మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవను లాగేవారు. అంటే ఇప్పుడు చెత్త పోస్తున్న ఆ గట్టు, అసలు మనుషులు నడవటానికని వేసిన బాటే! 2008లో కేంద్రం నాలుగో జాతీయ జలమార్గం ప్రకటించినప్పుడు ఈ కాలువలు మళ్లీ కాగితాల్లోకి ఎక్కాయి. పడవలు వస్తాయో రావో గానీ గట్టు మాత్రం ఇప్పటికీ ఉంది.

గట్టుకున్న సుగుణాలు చూడండి. కాలువ పొడవునా సాగుతుంది. మలుపులు తక్కువ. ఒక పక్క నీళ్లు కాబట్టి అటువైపు నుంచి అడ్డం వచ్చే వీధులుండవు. చెట్ల నీడ ఉన్నచోట ఎండ తగలదు. తారు రోడ్డు కూడా అక్కర్లేదు, గ్రావెల్‌ పోసి రోలర్‌ తిప్పినా సైకిల్‌ హాయిగా పోతుంది. ఇక కష్టాలు. ఆక్రమణలు ఉన్నచోట గట్టు తెగిపోతుంది. అక్కడ ఇళ్లు కట్టుకున్నది ఎక్కువగా పేదలే, వాళ్లను వెళ్లగొట్టి మనం వ్యాయామం చేస్తామనటం న్యాయం కాదు. అలాంటి చోట దారిని పక్క వీధిలోకి మళ్లించి మళ్లీ గట్టెక్కించాలి. వంతెనల దగ్గర రోడ్డు దాటాల్సి వస్తుంది, అక్కడ బండ్ల వేగం తగ్గించే ఎత్తైన క్రాసింగ్‌ కావాలి. నీటివైపు కంచె, రాత్రి దీపాలు లేకపోతే ఆడవాళ్లు, పిల్లలు వెళ్లరు. నల్లరేగడి మట్టి వానకు జారుడుబండవుతుంది కాబట్టి గ్రావెల్‌ తప్పనిసరి. ఏటా వేసవిలో కాలువలు కట్టేసి మరమ్మతులు చేస్తారు. గట్టు పని చేయించుకోవటానికి ఆ నెలలే అదను.

తాడేపల్లిగూడెం వాళ్లకు ఇంకో చోటుంది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో వేసిన రన్‌వే. ఊళ్లో ఇప్పటికీ అవి విమానాశ్రయ భూములే. సైకిల్‌ నేర్చుకోవటానికి దానంత చదునైన చోటు మరే ఊళ్లో ఉంటుంది?

కొల్లేరు లోపలికి వెళ్తే మాత్రం జాగ్రత్తగా మాట్లాడాలి. అది 1999 నుంచి అభయారణ్యం, 2002లో రామ్‌సర్‌ చిత్తడి నేలల జాబితాలోకి ఎక్కింది. ఆటపాకలో గూడబాతులు గూళ్లు పెట్టుకునే చోట పర్యాటకం పేరుతో సిమెంటు ట్రాకులు వేస్తామంటే ఒప్పుకోకూడదు. పైగా పెద్ద వరద వస్తే ఏలూరు-కైకలూరు రోడ్డు మీదికే నీళ్లొస్తాయి, ట్రాకు ఎంత? లంక గ్రామాల పిల్లలకు కావాల్సింది పక్షులను చూసే దారి కాదు, హైస్కూలుకు పోయే దారి. ఉన్న రోడ్డు అంచులను సరిచేసి, గుంతలు పూడ్చి, తెల్లగీత గీసి, మలుపుల్లో వేగం తగ్గించినా వాళ్లకు పెద్ద మేలు.

ఎంత వెడల్పుండాలన్నది ఎవరి ఇష్టం కాదు. ఇండియన్‌ రోడ్స్‌ కాంగ్రెస్‌ ప్రమాణాలున్నాయి. కాలిబాట మీద నడవటానికి అడ్డంకుల్లేని చోటు కనీసం 1.8 మీటర్లు, ఎత్తు ఆరంగుళాలకు మించకూడదు. ఒకవైపు వెళ్లే సైకిల్‌ ట్రాక్‌ కనీసం రెండు మీటర్లు. మోకాలెత్తు కాలిబాట కట్టి పెద్దవాళ్లు దాని మీద నడవట్లేదని అంటే ఎలా? కాలిబాట పాదచారుల హక్కని, జీవించే హక్కులో భాగమని 2025 మే నెలలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. వార్డు సచివాలయంలో అర్జీ పెట్టేటప్పుడు ఈ మాట ఒక వాక్యంగా రాస్తే బరువుంటుంది.

అమ్మాయి సైకిల్‌ ఎందుకాగింది?

ప్రభుత్వం ‘బడికొస్తా’ పేరుతో తొమ్మిదో తరగతి బాలికలకు సైకిళ్లిచ్చింది. బిహార్‌లో 2006లో మొదలైన ఇలాంటి పథకాన్ని ఆర్థికవేత్తలు కార్తీక్‌ మురళీధరన్‌, నిశీథ్‌ ప్రకాశ్‌ పరిశీలిస్తే, హైస్కూల్లో చేరే అమ్మాయిలు 32 శాతం పెరిగినట్టు తేలింది. తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంతో పాటు సైకిల్‌ తొక్కటం నేర్పారు, లక్ష మందికి పైగా ఆడవాళ్లు నేర్చుకున్నారు. ఇంచుమించు అదే రోజుల్లో మన నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరం దిద్దిన ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. చదువు చేతికొస్తే అక్కడ సైకిలెక్కారు, ఇక్కడ సారా కొట్టు మూయించారు.

మన ఇళ్లలో మాత్రం పదో తరగతి దాటగానే అమ్మాయి సైకిల్‌ ఆగిపోతుంది. ఇంటరు కాలేజీకి బస్సు, తర్వాత స్కూటీ, పెళ్లయ్యాక వెనక సీటు. నలభై ఏళ్లకు థైరాయిడ్‌, బీపీ, మోకాళ్ల నొప్పులు. చీర కట్టుకుని కూడా తొక్కొచ్చు. అడ్డబారు లేని సైకిల్‌, పూర్తిగా మూసిన చైన్‌ కవర్‌, వెనక చక్రానికి వల ఉంటే చాలు. అలవాటు తప్పినవాళ్లు మొదటి వారం వీధిలో జనం లేనప్పుడు ఎక్కి దిగటం సాధన చేస్తే చాలు, ఒకసారి వచ్చిన బ్యాలెన్సు మరచిపోవటం ఉండదు.

ఎక్కేముందు

చాలామంది మోకాళ్లు నొప్పని సైకిల్‌ మానేస్తారు. నూటికి ఎక్కువ పాళ్లు తప్పు సీటుది. రెండు పాదాలూ పూర్తిగా నేలకు ఆనాలని సీటు బాగా కిందికి దించేస్తాం. అలా తొక్కితే మోకాలు అతిగా వంగి చిప్ప వెనక ఒత్తిడి పెరుగుతుంది. పెడల్‌ అట్టడుగున ఉన్నప్పుడు మోకాలు కొద్దిగా మాత్రమే వంగి ఉండాలి. ఆ ఎత్తులో ఆగినప్పుడు మునివేళ్లే నేలకు తగులుతాయి, నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. సరైన ఎత్తులో ఉంటే ఒంటి బరువంతా సీటు మోస్తుంది కాబట్టి, అరిగిన మోకాళ్లకు నడక కన్నా సైకిలే సుఖం. మొదటి వారం పది, పదిహేను నిమిషాలు చాలు. తొక్కుతూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేనట్టుండాలి... వేగానికి అదే కొలత. మామూలు వేగంతో అరగంట తొక్కితే 70 కిలోల మనిషికి దాదాపు 200 కేలరీలు ఖర్చవుతాయి. రెండు ఇడ్లీలు, కాస్త చట్నీ అనుకోండి.

ఇన్సులిన్‌ తీసుకునేవారు, గ్లిమెపిరైడ్‌ వంటి మాత్రలు వేసుకునేవారు ఖాళీ కడుపుతో బయల్దేరొద్దు. జేబులో గ్లూకోజు పొడి గానీ నాలుగు చాక్లెట్లు గానీ ఉండాలి. వణుకు, చెమట, కళ్లు తిరగటం మొదలైతే వెంటనే దిగి తినాలి. పాదాల్లో స్పర్శ తగ్గినవారు చెప్పులతో కాదు, బూట్లతోనే తొక్కాలి. ఇంటికొచ్చాక అరికాళ్లు ఒకసారి చూసుకోవాలి. గుండెకు స్టెంట్‌ పడినవారు, కంటి రెటీనాలో రక్తస్రావం ఉన్నవారు, మూర్ఛ ఉన్నవారు డాక్టరును అడక్కుండా సైకిలెక్కొద్దు. ఛాతీలో బరువుగా, పట్టేసినట్టుగా అనిపిస్తే ఇంకో నాలుగు తొక్కులు తొక్కి చూద్దామనుకోవద్దు. అక్కడే ఆగి సాయం కోసం పిలవాలి.

రోడ్డు మీద పొగ పీల్చటం వల్ల వ్యాయామం మేలంతా పోతుందేమో అన్న అనుమానం సహజమే. కేంబ్రిడ్జ్‌ పరిశోధకులు 2016లో లెక్కగట్టి చూశారు. ఢిల్లీ అంతటి కలుషిత నగరంలో కూడా వారానికి ఐదు గంటలు దాటి తొక్కితేనే కీడు మేలును మించుతుందట. మన ఊళ్లలో పొగ కన్నా ఉక్కపోతే ఎక్కువ బాధ. నీళ్ల సీసా దగ్గర పెట్టుకోండి. సైకిల్‌ వెనక ఎర్ర రిఫ్లెక్టర్‌, చీకట్లో ముందు దీపం, తలకు హెల్మెట్‌ పెద్ద ఖర్చేమీ కాదు. ఎదురు వచ్చే బండి కనిపిస్తుందని కుడివైపు నుంచి తొక్కేవాళ్లున్నారు, అది నడిచేవాళ్లకు సరిపోయే సూత్రం. సైకిల్‌ ఎప్పుడూ ఎడమవైపే.

జాతీయ రహదారి జోలికి పోకుండా మొదట మీ ఇంటి నుంచి రైతుబజారుకో, పిల్లల బడికో లోపలి వీధుల్లోంచి దారి వెతుక్కోండి. ఆదివారం పొద్దున్నే ఒకసారి తొక్కి చూసి, కుక్కలెక్కడ, గుంతలెక్కడ, రోడ్డు దాటాల్సిందెక్కడ అని గుర్తు పెట్టుకోండి. అదే దారిలో తొక్కే ఇంకో ఇద్దరు ముగ్గురు దొరికితే కలిసి వెళ్లండి, డ్రైవర్ల కళ్లకు గుంపు త్వరగా కనిపిస్తుంది. ఏప్రిల్‌, మే నెలల్లో మాత్రం ఎనిమిదింటికల్లా ఇంటికి చేరేలా బయల్దేరండి.